ఆఖరి పేజీలో దోషి ఎవరు?

స్త్రీల హక్కుల గురించి మాట్లాడేటప్పుడు మనం ఆస్తిహక్కు గురించి మాట్లాడతాం. సమాన వేతనం గురించి, హింస లేని ఇంటి గురించి మాట్లాడతాం. చదువు హక్కు అన్నప్పుడు బడి, పరీక్ష, ఉద్యోగం దగ్గర మన మాట ఆగిపోతుంది. పరీక్ష కోసం కాకుండా, పిల్లలకు పాఠం చెప్పడం కోసం కాకుండా, కేవలం తన సంతోషం కోసం ఒక ఆడమనిషి పుస్తకం పట్టుకుని కూర్చునే హక్కు గురించి ఏ సభలోనైనా తీర్మానం చేసినట్టు నాకు గుర్తు లేదు. అది తీరిక ఉన్నవాళ్ళ సంగతి అని తేలిగ్గా తీసేస్తాం. కానీ తీరిక కూడా హక్కే కదా! ఆ దొరికిన కాస్త తీరికలో ఏం చదవాలి అని నలుగురు ఆడవాళ్ళు కూర్చుని వాదించుకోవడాన్ని చిన్న విషయంగా చూడకూడదని నా అభిప్రాయం. ఆ వాదన ఒక్కోసారి మనిషి ప్రాణం దాకా పోతుంది. ఎలాగో చెప్పడానికే ఈ వ్యాసం.

మా నారాయణఖేడ్ ఒకప్పుడు మెదక్ జిల్లాలో ఉండేది, 2016 అక్టోబరు నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. పడమటికి పోతే కర్ణాటకలోని బీదర్ జిల్లా, ఉత్తరానికి కొంతదూరం పోతే మహారాష్ట్ర. బజారులో నిలబడితే తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ, లంబాడీ అన్నీ వినిపిస్తాయి. చుట్టూ తండాలు. ఇలాంటి చోట తెలుగు నవల ఎవరు చదువుతారు అని హైదరాబాదు నుంచి వచ్చిన మిత్రులు అడుగుతుంటారు. చదువుతారు. నేను ఇంటర్ చదివే రోజుల్లో వారపత్రికలు సంగారెడ్డి, జోగిపేటల మీదుగా బస్సులో వచ్చేవి, ఒక రోజు ఆలస్యంగా. బస్టాండు దగ్గర పుస్తకాలు అద్దెకిచ్చే చిన్న దుకాణం ఉండేది. ఆడపిల్లలం నేరుగా అక్కడికి పోలేం కాబట్టి తమ్ముళ్ళను పంపేవాళ్ళం. ఒకే పుస్తకం ఆరేడు ఇళ్ళు తిరిగి, అట్ట ఊడి, మొదటి నాలుగు పేజీలు పోగొట్టుకుని మా చేతికొచ్చేది. ఆఖరి పేజీ ఉంటే చాలు అనుకునేవాళ్ళం.

ఇప్పుడు అద్దె దుకాణాలు పోయాయి. కొందరు ఫోనులో చదువుతున్నారు, కొందరు యూట్యూబులో వింటూ పని చేసుకుంటున్నారు. హైదరాబాదు పుస్తక ప్రదర్శనకు పోయినవాళ్ళతో డబ్బిచ్చి పుస్తకాలు తెప్పించుకునేవాళ్ళూ ఉన్నారు. మా సంఘం గదిలో ఒక అల్మారా నిండా నవలలే. నెలకోసారి సమావేశంలో పింఛన్ల సంగతి, పట్టా పాసుపుస్తకాల సంగతి, తాగొచ్చి కొట్టే భర్తల సంగతి అయిపోయాక, చాయ్ తాగేటప్పుడు మొదలయ్యే రెండో సమావేశం ఈ నవలల మీదే.

ఆ రెండో సమావేశంలో అన్నిటికంటే ఎక్కువ వినిపించే పేరు యండమూరి వీరేంద్రనాథ్. నలభై ఏళ్ళ కిందట కాలేజీ పిల్లగా నేను చదివిన రచయిత పేరు ఇప్పటి డిగ్రీ పిల్లల నోట వింటే ఆశ్చర్యమే. కొత్తగా చదవడం మొదలుపెట్టిన పిల్ల అడుగుతుంది: "అక్కా, మొదలు ఏది సదవాలె?" అంతే, తలా ఒక పుస్తకం పట్టుకుంటారు.

మా అంగన్‌వాడీ టీచరుకు 'వెన్నెల్లో ఆడపిల్ల' ప్రాణం. చదరంగం ఆటగాడికి ఫోనులో ఒక అమ్మాయి గొంతు పరిచయమవుతుంది. తనెవరో చెప్పదు, చిక్కుముళ్ళు ఇచ్చి కనుక్కోమంటుంది. అతను ముళ్ళన్నీ విప్పుకుంటూ చేరేసరికి ఆమె ఉండదు. "హత్య లేదు, దయ్యం లేదు, అయినా పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు" అంటుందామె. టైలరింగు చేసే ఇంకొకామె ఒప్పుకోదు. ఆమె లెక్కలో 'అభిలాష' ముందు చదవాలి. ఉరిశిక్ష రద్దు కావాలని కోరుకునే యువ లాయరు, చేయని హత్యలో తానే దోషిగా నిలబడే కథ అది. సినిమాగా 1983లో వచ్చింది, చిరంజీవి నటించాడు. సెక్షన్ 302 అంటే ఏమిటో నాకు ఆ నవలతోనే తెలిసిందని ఆమె అంటుంది. (ఆ సెక్షన్ ఇప్పుడు లేదు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో హత్యకు శిక్ష సెక్షన్ 103.) సాహసం చేసే ఆడపాత్ర కావాలంటే 'ఆఖరి పోరాటం' చదవమంటుంది ఇంకొకామె. 1988లో వచ్చిన సినిమాలో శ్రీదేవి సి.బి.ఐ. అధికారిగా చేసిన పాత్ర ఆమెకింకా కళ్ళ ముందే ఉంది. మధ్యలో ఎవరో మల్లాది వెంకట కృష్ణమూర్తి 'చంటబ్బాయ్' పేరెత్తుతారు, డిటెక్టివును చూసి నవ్వుకోవచ్చని. వయసులో పెద్దామె, రిటైరైన నర్సు, వీళ్ళందరినీ పిల్లల్లా చూసి, కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ ముందు ఎవరూ నిలవరని తీర్పు ఇస్తుంది.

ఈ మాటలు వింటుంటే ఒక సంగతి అర్థమవుతుంది. ఈ చదువరులు రచయిత ఏది పెడితే అది మింగేవాళ్ళు కారు. ఏ నవలలో ముడి బాగా పడింది, ఏ నవలలో రచయిత తొందరపడి విప్పాడు, ఏ నవలలో హీరోయిన్ని ఊరికే చంపేశాడు అని గట్టిగా పోట్లాడతారు. దీన్ని విమర్శ అనకపోతే మరి దేన్ని అంటాం?

అయినా ఈ చదువుకు మన సమాజంలో గౌరవం లేదు. ఇంట్లో మామగారు 'పనికిమాలిన నవలలు' అంటాడు. సభల్లో మేధావులు 'కాలక్షేపం సాహిత్యం' అంటారు. బస్టాండులో మధుబాబు షాడో నవల చదివే మగపిల్లవాడిని ఎవరూ పాడైపోతావు అనలేదు. అదే వయసు ఆడపిల్ల చేతిలో వారపత్రిక కనిపిస్తే మాత్రం చెడిపోతుందన్నారు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' చదివితే కలల్లో తేలిపోతుందన్నారు. సస్పెన్స్ చదివితే భయపడి మూలన కూర్చుంటుందన్నారు. అసలు అభ్యంతరం పుస్తకం మీద కాదని, ఇంటి పని ఆపి ఆమె తనకోసం తీసుకున్న గంట మీదని మనకు తెలుసు.

ఇది మన దగ్గరే పుట్టిన అభ్యంతరం కూడా కాదు. ఇంగ్లండులో యాన్ రాడ్‌క్లిఫ్ అనే రచయిత్రి 1794లో 'ద మిస్టరీస్ ఆఫ్ యుడోల్ఫో' అనే భయంకర నవల రాసింది. పాత కోటలు, చీకటి గదులు, తెర వెనుక ఏముందోనన్న వణుకు. ఆడవాళ్ళు ఎగబడి చదివారు, మగవాళ్ళు వెక్కిరించారు. జేన్ ఆస్టిన్ 'నార్తాంగర్ అబీ' అనే నవలలో (ఆమె చనిపోయాక, 1817 చివర్లో వెలువడింది) ఇద్దరు అమ్మాయిల చేత ఈ మాటలే మాట్లాడించింది. ఒకమ్మాయి యుడోల్ఫో చదువుతూ ఉంటుంది, రెండో అమ్మాయి తర్వాత చదవాల్సిన భయం నవలల పట్టీ చదివి వినిపిస్తుంది. ఆ సంభాషణ చదివినప్పుడు నాకు మా సంఘం గదే కనిపించింది. నవల చదివే ఆడపిల్లను చిన్నచూపు చూసేవాళ్ళను ఆస్టిన్ ఆ పుస్తకంలోనే కడిగిపారేసింది.

అందుకని నా మొదటి మాట ఇది: ఆడవాళ్ళు సస్పెన్స్ నవలలు చదవడం తప్పు కాదు. ఏవి చదవాలో ఇంట్లో మగవాళ్ళు గానీ, సంఘంలో నాయకురాళ్ళు గానీ నిర్ణయించకూడదు.

ఇంతవరకు మాలో పేచీ లేదు. పేచీ 'తులసిదళం' దగ్గర వచ్చింది.

1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో ఆ సీరియల్ వచ్చినప్పుడు రాష్ట్రమంతా ఊగిపోయింది. తులసి అనే చిన్నపిల్ల మీద క్షుద్ర ప్రయోగం చేస్తారు. ఒకవైపు డాక్టర్లు జబ్బు అంటారు, మరోవైపు మంత్రగాళ్ళు ప్రయోగం అంటారు. పిల్లను బతికించడానికి రెండు దార్లలోనూ పరుగులు పెడతారు. కాష్మోరా అనే మాట ఆ నవల తర్వాతే ఇంటింటికీ తెలిసింది. దాని వెనకే 'తులసి' వచ్చింది, సినిమాలు వచ్చాయి. పత్రికల్లో దయ్యాల సీరియళ్ళ వరద పారింది. 'క్షుద్ర సాహిత్యం' అనే పేరు విమర్శకులు పెట్టింది ఆ కాలంలోనే. రంగనాయకమ్మ 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అని కటువుగా విమర్శ రాసింది. ఆ వివాదం కోర్టు దాకా వెళ్ళింది. ఒక జనరంజక నవలను ఒక రచయిత్రి అంత పట్టుదలగా, అన్ని పేజీలు ఖర్చుపెట్టి ఖండించడం తెలుగులో తరచుగా జరిగేది కాదు.

మా రెండో సమావేశంలో ఒకరోజు 'తులసిదళం' మీద మాట పడింది. "రాత్రి సదవకు, నిద్ర రాదు" అని ఒకరు, "నేను రాత్రే సదివిన, దీపం ఆర్పలే" అని మరొకరు. అందరూ నవ్వుతున్నారు. కొత్తగా చేరిన ఒక తండా అమ్మాయి, డిగ్రీ చదువుతున్న పిల్ల, మాట్లాడకుండా కూర్చుంది. చివరికి మెల్లగా అంది: "గా పుస్తకం ఈడ ఉంచకుండ్రి అక్కా. మా చిన్నమ్మను గట్లనే అన్నరు."

తర్వాత విడిగా చెప్పింది. చిన్నమ్మకు భర్త చనిపోయాడు, పిల్లలు లేరు. రెండెకరాల చెలక ఆమె పేరున ఉంది. పక్కింటి పిల్లకు జ్వరం వచ్చింది, పెద్దాసుపత్రికి ఆలస్యంగా తీసుకుపోయారు, పిల్ల దక్కలేదు. బాణామతి అన్నమాట ఎవరు ముందు అన్నారో ఎవరికీ తెలియదు. వారం తిరిగేసరికి బోరింగు దగ్గర ఆమె బిందె పెడితే మిగతావాళ్ళు బిందెలు తీసేసుకోవడం మొదలైంది. పంచాయితీ కూర్చుంది. ఆ పంచాయితీలో చదువుకుని ఉద్యోగం చేసే బంధువు ఒకాయన ఉన్నాడు. అతని మాటకు విలువ ఉంది. చిన్నమ్మ అతని వైపే చూసిందట. అతను లేదు అనలేదు, ఉంది అనలేదు. "ఏమో, అట్లాంటియి ఉంటయంటరు. పెద్ద పెద్దోళ్ళు గూడ పుస్తకాలల్ల రాసిండ్రు" అన్నాడు. అదే రాత్రి చిన్నమ్మ బట్టలు మూటగట్టుకుని బీదర్ వైపు అక్క ఇంటికి పోయింది. ఆమె చెలకను ఇప్పుడు మరిది దున్నుతున్నాడు.

ఆ "ఏమో" అన్న మాట నన్ను వదిలిపెట్టలేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నదంతా దాని గురించే.

మన ప్రాంతంలో బాణామతి, చేతబడి అన్న ముద్ర ఎంత ప్రమాదమో ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. ముద్ర పడ్డవాళ్ళను చెట్టుకు కట్టి కొట్టడం, మంత్రం చదవలేకుండా చేస్తామని పళ్ళు పీకడం, సజీవంగా కాల్చడం ఈ తెలంగాణ పల్లెల్లో జరిగిన సంగతులే. మగవాళ్ళ మీద కూడా ఆ ముద్ర పడుతుంది. కానీ ఒంటరి ఆడది, విధవ, దళిత స్త్రీ, వయసుమీరిన స్త్రీ అయితే అడ్డం వచ్చేవాళ్ళుండరు. హత్యలకు కారణాల పట్టికలో ఇప్పటికీ జాతీయ నేర నమోదు సంస్థ మంత్రవిద్యను ఒక విడి కారణంగా లెక్కవేస్తూనే ఉందంటే పరిస్థితి అర్థమవుతుంది.

అయితే దీనికంతటికీ ఒక నవల కారణమా? కాదు. ఈ విషయంలో మనం నిజాయితీగా ఉండాలి. బాణామతి భయం అచ్చు పుస్తకాలకంటే పాతది. పళ్ళు పీకినవాళ్ళలో ఎక్కువమంది 'తులసిదళం' పేరు కూడా విని ఉండరు. నవల చదివి మూఢనమ్మకం పుట్టింది అనడం చదువరులను అవమానించడమే. మా అంగన్‌వాడీ టీచరు 'తులసిదళం' నాలుగుసార్లు చదివింది, అయినా జ్వరం వచ్చిన పిల్లను ఆసుపత్రికే పంపిస్తుంది.

మరి నవల చేసే పని ఏమిటి? చదువురాని మనిషికి ఉన్న నమ్మకాన్ని అది పెంచదు. చదువుకున్న మనిషికి ఉండాల్సిన అనుమానాన్ని అది మెత్తబరుస్తుంది. 'తులసిదళం' మంత్రం ఉంది అని తేల్చి చెప్పదు, లేదు అనీ తేల్చదు. డాక్టరునూ మంత్రగాడినీ ఒకే బల్ల మీద రెండువైపులా కూర్చోబెట్టి, ఇద్దరి వాదనా సమానమే అన్నట్టు నడిపి, నిర్ణయం నీదే అని పాఠకుడికి వదిలేస్తుంది. కథగా అది గొప్ప ఎత్తుగడ, కాదనను. కానీ ఊళ్ళో టీచరు, గుమాస్తా, కాంపౌండరు, కానిస్టేబులు ఆ ఎత్తుగడను చదివి నేర్చుకున్న మాట "ఏమో". పంచాయితీలో ఒక ఆడమనిషి ప్రాణం, ఆమె చెలక, ఆమె పరువు అన్నీ ఒక్కోసారి ఒక చదువుకున్న మనిషి "లేదు" అనడం మీద ఆధారపడి ఉంటాయి. సరిగ్గా అక్కడ అతను "ఏమో" అంటాడు. ఆ "ఏమో"కు పుస్తకాన్ని సాక్ష్యం తెచ్చుకుంటాడు.

ఇంకొక సంగతి కూడా ఆ తండా అమ్మాయి వల్లనే నేను గమనించాను. ఆ నవలలో మంత్రగాడు ఎక్కడినుంచి వస్తాడు? ఒరిస్సా అడవి ప్రాంతం నుంచి. బంగళా ఉన్నవాళ్ళు డబ్బు కోసం కుట్ర చేస్తారు, కానీ పాఠకుడు కలలో ఉలిక్కిపడేది అడవి మనిషిని తలుచుకుని. ఇది ఒక్క నవల లోపం కాదు, ఆ తరహా సీరియళ్ళన్నిటిలోనూ చూడొచ్చు. చదివేది పట్నం, భయపెట్టేది అడవి. చదివే పిల్లే తండా నుంచి వచ్చినప్పుడు ఆమె ఆ పుస్తకంలో తనను ఎక్కడ చూసుకోవాలి?

పాత కథ కదా, ఇప్పుడెందుకీ గొడవ అనవచ్చు. 2023లో వచ్చిన 'విరూపాక్ష' సినిమా చూడండి. చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో ఊరంతా కలిసి భార్యాభర్తలను సజీవంగా కాల్చడంతో ఆ కథ మొదలవుతుంది. అక్కడినుంచి ఆ ఊరివాళ్ళు చేసిన హత్య గురించి కథ నడిస్తే ఎంత బాగుండేది! కానీ తర్వాత వచ్చే చావులన్నిటికీ క్షుద్రశక్తే కారణంగా నడుస్తుంది. సినిమా బాగా ఆడింది. మా సంఘం ఆడవాళ్ళూ చూశారు, నేనూ చూశాను.

ఇక్కడ మళ్ళీ పాత ఇంగ్లీషు నవలల దగ్గరికి పోవాలి. రాడ్‌క్లిఫ్ నవలల్లో ఎంత భయపెట్టినా చివరికి ప్రతి వింతకూ మానవ కారణం చెబుతుంది. తెర వెనుక దయ్యం ఉండదు, మనిషి చేసిన పని ఉంటుంది. ఆస్టిన్ ఇంకొక అడుగు ముందుకు వేసింది. ఆమె నవలలో భయం కథలు చదివిన అమ్మాయి, తాను అతిథిగా ఉన్న ఇంటి పెద్దమనిషి భార్యను చంపి ఉంటాడని ఊహించుకుంటుంది. ఆ ఊహ తప్పని తేలుతుంది. కానీ అదే పెద్దమనిషి, ఆ పిల్లకు తాననుకున్నంత ఆస్తి లేదని తెలియగానే, తోడు కూడా ఇవ్వకుండా ఇంట్లోంచి పంపేస్తాడు. ఆ ఇంట్లో దయ్యమూ లేదు, హత్యా లేదు, ఉన్నది ఆస్తి మీద ఆశ. అది దయ్యం కంటే భయంకరం. మా తండా అమ్మాయి చిన్నమ్మ కథ దీనికంటే వేరా?

మన తెలుగు డిటెక్టివ్ నవలలు చేసిన మేలు కూడా ఇక్కడే ఉంది. దాన్ని మనం గుర్తించలేదు. డిటెక్టివ్ ఎవరైనా గానీ, శవం దగ్గర నిలబడి అడిగే మొదటి ప్రశ్న ఒకటే: దీనివల్ల ఎవరికి లాభం? ఇంట్లో తెల్లచీర కట్టుకున్న ఆకారం తిరుగుతోందంటే ఆ ఆకారాన్ని చూసి ఎవరు ఇల్లు ఖాళీ చేయాలి, ఎవరు అందులోకి రావాలి అని అడుగుతాడు. మా నర్సమ్మ చిన్నమ్మ కథ విన్న వెంటనే అడిగిన ప్రశ్న కూడా అదే: "ఆ చెలక ఇప్పుడు ఎవరి చేతిల ఉంది?" మేం వ్యవస్థ, పితృస్వామ్యం, ఆస్తి సంబంధాలు అని శిక్షణ తరగతుల్లో గంటలకొద్దీ చెప్పేదాన్ని ఆమె ఒక్క ప్రశ్నలో అడిగేసింది. అది నేర్పింది ఏ శిక్షణ శిబిరమూ కాదు, ఆమె దిండు కింద పెట్టుకుని చదివిన నవలలు.

'తులసిదళం' అల్మారాలోంచి తీసేయాలా అన్న ప్రశ్న మీద మాలో రెండు అభిప్రాయాలు వచ్చాయి. తీసేయాలి, మన సంఘంలో దానికి చోటేమిటి అని కొందరు. కథను కథగా చూడాలి, ఇంత గొడవ అక్కర్లేదు అని మరికొందరు. నేను రెండింటితోనూ ఏకీభవించను. పుస్తకం దాచేయడం మన ఇళ్ళల్లో మామలూ, అన్నలూ చేసిన పనే. దాన్ని సంఘం పేరుతో మనం చేయకూడదు. పైగా దాచిన పుస్తకం ఫోనులో దొరుకుతుంది, అప్పుడు ఎదురు మాట్లాడేవాళ్ళు లేకుండా ఒంటరిగా చదువుతారు. ఇక కథను కథగా చూడాలన్న మాట చెప్పడం తేలిక, ఆ కథ తన ఇంటి మీద పడనివాళ్ళకు. పుస్తకం ఉండాలి, దాని పక్కనే దాని మీద వచ్చిన విమర్శా ఉండాలి. చదివిన వాళ్ళు ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. ఆమె చెప్పే మాట కూడా ఆ పుస్తకం మీద విమర్శే. అచ్చయిన విమర్శలకంటే దానికి తక్కువ విలువ ఇవ్వడానికి వీల్లేదు.

అందుకే ఏది చదవాలి అని అడిగే పిల్లలకు నేను పట్టీ ఇవ్వను, మూడు ప్రశ్నలు ఇస్తాను. ఒకటి, ఆఖరి పేజీలో ముడి ఎవరు విప్పారు, మనిషి బుద్ధా, మంత్రమా? రెండు, దోషిగా ఎవరిని నిలబెట్టారు, ఆ మనిషి ఏ కులం, ఏ ఊరు, ఆడా మగా? మూడు, చచ్చిపోయిన ఆడదాని చావు కథకు ఎందుకు కావలసి వచ్చింది, ఆమె కోసమా, హీరో కన్నీళ్ళ కోసమా? ఈ మూడో ప్రశ్న వేసుకుని 'వెన్నెల్లో ఆడపిల్ల' చదివితే, దాన్ని ప్రాణంగా ప్రేమించేవాళ్ళు కూడా కాసేపు ఆలోచిస్తారు. ప్రేమ పోదు. పోవాల్సిన పని కూడా లేదు. 'అభిలాష'కు ఈ ప్రశ్నలు వేస్తే అది ఇంకా ఎత్తుకు లేస్తుంది. నిర్దోషి కూడా దోషిగా నిలబడే ప్రమాదం ఎంత దగ్గరగా ఉంటుందో అది చెబుతుంది. ముద్ర పడ్డ ప్రతి స్త్రీకీ అదే జరుగుతోంది, కోర్టు లేకుండా, లాయరు లేకుండా.

చదువు ఒక్కటే చాలదు, చట్టమూ కావాలి. మంత్రగత్తె అని ముద్ర వేయడాన్నే నేరం చేస్తూ బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో చట్టాలు చేసుకున్నాయి. డాక్టర్ నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపాక మహారాష్ట్ర మూఢాచారాల వ్యతిరేక చట్టం తెచ్చింది. కర్ణాటక 2017లో చట్టం చేసి 2020 నుంచి అమలు చేస్తోంది. మా ఊరినుంచి చూస్తే సరిహద్దుకు అటు రెండువైపులా చట్టాలున్నాయి. ఇటువైపు అలాంటి ప్రత్యేక చట్టం కావాలని మహిళా సంఘాలు, హేతువాదులు చాలాకాలంగా అడుగుతున్నారు. కొట్టినందుకు, చంపినందుకు కేసు పెట్టడానికి మామూలు చట్టం చాలు. కానీ చిన్నమ్మను ఎవరూ కొట్టలేదు. బిందెలు పక్కకు తీసుకున్నారు, అంతే. ఊరు విడిచిపోయేలా చేసిన ఆ ముద్రకు శిక్ష ఏ సెక్షన్ కింద వేస్తారు?

గ్రంథాలయాల సంగతి కూడా ఇందులో భాగమే. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. ఆ డబ్బులో ఆడవాళ్ళ వాటా ఏమిటని జిల్లా గ్రంథాలయ సంస్థలను అడగాలి. ఆడవాళ్ళు పని ముగించుకుని రాగలిగే వేళలు, కూర్చోవడానికి చోటు, మరుగుదొడ్డి, ఇంటికి తీసుకుపోవడానికి నవలలు కావాలని అడగాలి. పోటీ పరీక్షల పుస్తకాలు ఉండాల్సిందే. వాటి పక్కన నవలలు కూడా ఉండాలని అడగడానికి మనం సిగ్గుపడకూడదు.

చివరిగా, రాసే అలవాటున్న అక్కచెల్లెళ్ళకు ఒక మాట. సస్పెన్స్ నవలను మగ రచయితల సొత్తుగా వదిలేయకండి. పక్కింటి పిల్ల చనిపోయిన రాత్రినుంచి, ఊరు ఆమె వైపు చూడడం మొదలుపెట్టిన క్షణం నుంచి, ముద్ర పడ్డ స్త్రీ కళ్ళతో కథ మొదలుపెట్టండి. పుకారు ఎవరి నోట పుట్టింది, చెలక కాగితాలు ఎవరి పెట్టెలోకి పోయాయి, పంచాయితీలో ఎవరు నోరు మూసుకున్నారు అన్న ముళ్ళు ఒక్కొక్కటే విప్పండి. మేం రాత్రి దీపం ఆర్పకుండా చదువుతాం. బాగా లేకపోతే మొహమాటం లేకుండా చెబుతాం. ఆఖరి పేజీలో దోషి పేరు మాత్రం తప్పు లేకుండా రాయండి.